ఒక్క పేరు మీద ఇద్దరు

గురువారం నాడు రాధమ్మను ఎవరూ లేపనక్కర్లేదు. తెల్లారకముందే తెలివి వచ్చేది. నీళ్లు పోసుకుని, నెత్తి దువ్వుకుని, నాలుగు జొన్నరొట్టెలు చేసి, రెండు మొగుడి ముందర పెట్టి, రెండు మూటగట్టుకునేది. ఎర్ర అట్టల రిజిస్టరు సంచిలో వేసుకుని, ఏడున్నర బస్సు కోసం ఏడింటికే కోరుట్ల బస్టాండులో నిలబడేది.

"జగిత్యాలల ఏమున్నదే నీకు గంత సంబురం?" అని భూమన్న ఎగతాళి చేసేవాడు. తాటిచెట్టు మీది నుంచి పడి కాలు విరిగిన తర్వాత అతను కల్లు గీసే ముస్తాదు అటక మీద పెట్టేసి, ఇంటి ముందర సోడాల కొట్టు నడుపుకుంటున్నాడు. పొద్దంతా మనుషులతో ముచ్చట పెట్టేవాడికి భార్య మొహంలో తేడా కనిపించకుండా ఎట్లా ఉంటుంది?

"ఏముంటది? పని" అనేది రాధమ్మ.

పని మాట అబద్ధం కాదు. ఆమె పనిచేసేది ఒక ట్రస్టు వాళ్ల కంటి ఆసుపత్రిలో. పెద్ద ఆసుపత్రి జగిత్యాలలో ఉంది. కోరుట్లలో ఒకటి, సిరిసిల్లలో ఒకటి చిన్న సెంటర్లు ఉన్నాయి. కండ్లు మసకలు పడ్డవాళ్లు ముందు ఈ సెంటర్లకు వస్తారు. పేరు, ఊరు, వయసు, ఏ కన్ను, ఎన్నాళ్ల నుంచి, అన్నీ రిజిస్టరులో రాసుకుంటారు. ఆ రాసినవి కంప్యూటరులో ఎక్కితేనే జగిత్యాలలో డాక్టరు చూస్తాడు, ఆపరేషను తేదీ ఇస్తాడు. ఎక్కించే ప్రోగ్రాం జగిత్యాల కంప్యూటరులో ఒక్కదాంట్లోనే ఉండేది. అందుకని వారానికి ఒకసారి, గురువారం నాడు, రెండు సెంటర్ల రిజిస్టర్లూ జగిత్యాలకు పోయేవి. కోరుట్ల రిజిస్టరును రాధమ్మ, సిరిసిల్ల రిజిస్టరును జరీనాబీ పట్టుకొచ్చేవాళ్లు.

రాధమ్మ ఆ సెంటరులో మొదట ఆయాగా చేరింది. బడి మొహం చూసిన మనిషి కాదు. మందు డబ్బాల మీద, గోడల మీద, పల్లీలు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకుంది. ఆమె రాత గుండ్రంగా ఉందని చూసి రిజిస్టరు చేతికిచ్చారు. జరీనాబీ ఉర్దూ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. కంప్యూటరు తొందరగా పట్టుబడింది గానీ తెలుగు రాయడం వచ్చేది కాదు. ఈమె ఆమెకు గుణింతాలు దిద్దించింది. ఆమె ఈమెకు మీటలు చూపించింది. అట్లా ఆరేళ్లు.

జగిత్యాలలో ఆ కంప్యూటరు ముందర ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. ఒకరు చదివితే ఒకరు కొట్టేవాళ్లు. చేతులు పనిలో ఉన్నంతసేపూ నోళ్లు ఆగేవి కావు. జరీనాబీ పెద్దకొడుకు సంగతి, రంగుల కార్ఖానాలో చేసే ఆమె భర్త అబ్దుల్ రహీం దగ్గు సంగతి, ఆడపిల్ల పుట్టి మూడేళ్లకే పోయిన రాధమ్మ కడుపుకోత, అన్నీ అక్కడే. రాధమ్మ ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తేది కాదు. ఎత్తితే భూమన్న లేచి బయటికి వెళ్లిపోతాడు. జరీనాబీ ముందర మాత్రం ఎత్తేది. "ఎడమ కన్ను, రాసుకో. అయితే మల్ల ఏమన్నది నీ బిడ్డ?" అని జరీనాబీ పని ఆపకుండానే అడిగేది. అట్లా అడిగితేనే రాధమ్మకు చెప్పగలిగే ధైర్యం వచ్చేది. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూసి అడిగితే నోరు రాదు.

సాయంత్రం నాలుగున్నరకు జరీనాబీ సిరిసిల్ల బస్సు ఎక్కేది. బస్సు కొడిమ్యాల దారి పట్టి కనుమరుగయ్యేదాకా రాధమ్మ నిలబడేది. వారం రోజుల్లో మళ్లీ వచ్చే మనిషే. అయినా బస్సు కదిలేటప్పుడు ప్రతిసారీ గుండెలో ఏదో జారినట్టయ్యేది. ఆమె గుణం అంత. ఎవరు గడప దాటినా వాళ్లు మళ్లీ వస్తారో రారో అనుకునే మనిషి.

ఆ ఏడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బడులు మూశారు. బొగ్గు బాయిల కార్మికులు పని ఆపేసరికి కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా పోయింది. వారం తిరగకముందే బస్సులు కూడా ఆగిపోయాయి. కోరుట్ల చౌరస్తాలో రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వంటలు చేసి, అక్కడే బంతులు తీరి తినేవాళ్లు. భూమన్న కుంటుకుంటూ వెళ్లి ఆ పొయ్యిల దగ్గర కూర్చుని, సాయంత్రం మెడలో గులాబీ కండువాతో ఇంటికి వచ్చేవాడు.

"తెలంగాణ వస్తది, సూడు" అనేవాడు.

"రానీ. బస్సులు ఎప్పుడు వస్తయ్?" అనేది రాధమ్మ.

"నీ జగిత్యాల రంది నీకే."

రెండు గురువారాలు వట్టివే పోయాయి. రిజిస్టర్లు నిండిపోయాయి. కండ్లకు పొర కమ్మిన ముసలివాళ్లు తేదీ కోసం రోజూ వచ్చి అడిగిపోతున్నారు. జగిత్యాలలో ఆఫీసు చూసుకునే యోహాను సారు ఇట్లా కాదని, అక్కడ కంప్యూటర్లు బాగుచేసే శ్రీధర్‌ను పిలిపించాడు. శ్రీధర్‌ది పెగడపల్లి. ముప్పై ఏళ్లుంటాయి. కొట్టు పెట్టి ఏడాది కూడా కాలేదు, ఇంత పెద్ద పని చేతికి రావడం అదే మొదలు. కళ్లజోళ్ల గది ఖాళీ చేయించి, బీరువా అంత కాకపోయినా బియ్యం డబ్బా అంత ఉన్న ఒక నల్లటి పెట్టెను అక్కడ పెట్టాడు. కరెంటు పోయినా నడిచేటట్టు బ్యాటరీలు బిగించాడు. ఆ తర్వాత మోటరుసైకిలు మీద, రోడ్డుకు అడ్డం పెట్టిన బండరాళ్లన్నీ దాటుకుంటూ కోరుట్ల వచ్చాడు.

"చూడుండ్రి అమ్మా" అని రాధమ్మకు విడమరిచి చెప్పాడు. "గీ పెట్టెను సర్వర్ అంటరు. ప్రోగ్రాం మీ దగ్గర ఉండది, జగిత్యాల పెట్టెల ఉంటది. మీకు ఫోన్ లైన్ల దాని తెర ఒక్కటే వస్తది. మీరు గీడ మీట కొడితె అది ఆడ పడ్తది. సిరిసిల్ల మేడం ఆడ కొడితె గదే పెట్టెల పడ్తది. ఎవల తెర వాళ్లకే. ఎవల పేరు వాళ్లకే. మీ పేరు కోరుట్ల ఒకటి. ఆమె పేరు సిరిసిల్ల ఒకటి."

"నేను గీడ పెట్టింది సగంల కరెంటు పోతె?"

"ఏం గాదు. మీ కంప్యూటర్ బందయినా పెట్టెల మీ తెర అట్లనే ఉంటది. కరెంటు వచ్చినంక మీ పేరు కొట్టుండ్రి, ఎక్కడ ఇడిసిపెట్టిన్రో ఆడికెంచే మొదలైతది. ఇంటికి పోయేటప్పుడు మాత్రం గీ ముల్లె కొట్టి పోవద్దు. ఇగో, లాగాఫ్ అని ఉంటది, గది కొట్టాలె."

ముల్లె అంటే తెర మూలకు ఉండే ఇంటూ గుర్తు. రాధమ్మ తల ఊపింది. తర్వాత, తనకే వినబడనంత మెల్లగా అడిగింది.

"అయితే ఇగ గురువారం జగిత్యాలకు వచ్చుడు ఉండదా?"

"ఉండదు!" అన్నాడు శ్రీధర్ సంతోషంగా. తన పనిలోకెల్లా గొప్ప లాభం అదే అని అతని నమ్మకం. "సమ్మె అయినంక సుత ఉండదు. బస్సుల పోయి వచ్చుడు తిప్పలు తప్పింది మీకు. గీడనే సల్లగ కూసొని చేసుకోవచ్చు."

ఆమె అతనికి మంచినీళ్లు ఇచ్చింది. మోటరుసైకిలు చప్పుడు పోయిన తర్వాత చాలాసేపు ఆ తెర ముందర ఊరికే కూర్చుంది.

నాలుగో రోజు సెంటరులో ఫోను మోగింది. జరీనాబీ.

"రాధక్కా, ఈ సిరిసిల్ల ఒకటి నన్ను లోపలికి రానిస్తలేదు. పాస్‌వర్డ్ మరిచిపోయి నాలుగైదు తీర్లు కొట్టిన. ఇప్పుడు తాళం పడ్డదంటున్నది. శ్రీధర్‌కు చేస్తె ఫోన్ తాకుతలేదు. ముప్పై మంది కూసున్నరు ముందర. పరేశాన్ అయితున్న."

రాధమ్మ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. ఆరేళ్లుగా జగిత్యాలలో ఇద్దరూ ఒకే కంప్యూటరులో, ఒకే పేరు మీదనే పనిచేశారు. ఒకరు నీళ్లకు లేస్తే ఒకరు కొట్టేవాళ్లు. ఎవరి పేరని ఎవరైనా అడిగారా?

"నాది కొట్టు" అంది. "కోరుట్ల ఒకటి. పాస్‌వర్డ్..." అని మీట మీట చెప్పింది.

అటుపక్క జరీనాబీ కొడుతుండగానే ఇటుపక్క రాధమ్మ తెర మాయమైంది. ఎవరో ఇంకో కంప్యూటరు నుంచి వచ్చారనీ, అందుకని నిన్ను బయటికి పంపామనీ ఇంగ్లీషులో ఒక చీటీ పడింది. ఆమె దాన్ని కూడబలుక్కుని చదివి, నవ్వుకుంది. జగిత్యాలలో కుర్చీ మీద జరీనాబీ జరగమన్నట్టే ఉంది.

గంట తర్వాత మళ్లీ తన పేరు కొట్టింది. తెర తెరుచుకుంది. అక్కడ తాను వదిలిన పేజీ లేదు. సగం నింపిన కొత్త పేజీ ఉంది. కుడుకల లచ్చవ్వ, అరవై రెండు, కుడి కన్ను. జరీనాబీ కొట్టి వదిలింది. చివర రిమార్కులు అని ఖాళీ డబ్బా ఒకటి ఉంటుంది కదా, దాంట్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాట: "అన్నం తిన్నవా?"

రాధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ చూసింది. బెంచీ మీద ముసలివాళ్లు తమ మబ్బు కళ్లతో తలుపు వంక చూస్తున్నారు, ఎవరూ ఈమెను చూడటం లేదు. ఆ మాట చెరిపి, ఒక్కొక్క మీట వెతుక్కుంటూ కొట్టింది: "తిన్న. నువ్వు?" సేవ్ చేయలేదు. ముల్లె కొట్టి తెర మూసింది. ఆ తెర పెట్టెలో అట్లాగే ఉంటుందని శ్రీధరే చెప్పాడు.

అట్లా మొదలైంది. పొద్దున జరీనాబీ, పగటీలి రాధమ్మ, మళ్లీ సాయంత్రం జరీనాబీ. సిరిసిల్ల ఒకటికి పడ్డ తాళం తీయించాలని ఇద్దరికీ తోచలేదు. కోరుట్ల ఒకటి అన్న పేరు మీద పనిచేస్తే పేజీలో సెంటరు దగ్గర దానంతటదే కోరుట్ల అని పడుతుంది. జరీనాబీ ప్రతి పేజీలో దాన్ని చెరిపి సిరిసిల్ల అని మార్చేది, చివరికి సేవ్ చేసేది. కష్టమే గానీ చేసేది. ఎందుకంటే రిమార్కుల డబ్బా అక్కడుంది.

"మా గల్లీల బతుకమ్మ ఆడుతున్నరు. తంగేడు పువ్వు దొరుకుతలేదట" అని ఒకనాడు.

"ఇక్కడ రోడ్డు మీదనే ఆడుతున్నరు. పోలీసోళ్లు సుత చూసుకుంట నిలబడ్డరు" అని రాధమ్మ.

"అబ్దుల్ రహీంకు దగ్గు తగ్గింది. నువ్వు చెప్పిన కషాయం మంచిగ పనిచేసింది. నాకే చేదు తగుల్తుంది, వాసన పీల్చి పీల్చి."

"నిన్న నా బిడ్డ కలలకు వచ్చింది."

దానికి జవాబు చదవడానికి రాధమ్మ ఒక పూటంతా ఎదురుచూసింది. కరెంటు పోయింది. వచ్చిన తర్వాత తెర తెరిస్తే డబ్బాలో ఇట్లా ఉంది: "ఏమన్నది?"

ఫోను ఉంది కదా అని ఎవరైనా అనొచ్చు. ఫోను చేస్తే జరీనాబీ పక్కన ముప్పై మంది, రాధమ్మ పక్కన ఇరవై మంది. బాగున్నవా, బాగున్న, సరే ఉంట. మాట అంతటితో అయిపోయేది. ఈ డబ్బాలోనైతే ఎదుటి మనిషి మొహం చూడక్కర్లేదు, చేతిలో పని ఉండనే ఉంది, పక్కన కూర్చున్నట్టే ఉంది.

దసరా దాటిన గురువారం. మబ్బు పట్టిన పగటిపూట. రాధమ్మ తన పేరు కొట్టేసరికి జరీనాబీ సగం నింపిన పేజీ తెరుచుకుంది. నర్సింగం, డెబ్బై ఒకటి, ఎడమ కన్ను. సాంచాల మీద నలభై ఏళ్లు బట్ట నేసిన మనిషి. సెంటరు దగ్గర ఇంకా కోరుట్ల అనే ఉంది, మార్చలేదు. సిరిసిల్లలో అప్పుడే కరెంటు పోయినట్టుంది. రిమార్కుల డబ్బాలో: "ఇయ్యాల గురువారం. బువ్వ తినబుద్ధి అయితలేదు."

రాధమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతుండగా ఇక్కడ కూడా దీపాలు పోయాయి. కంప్యూటరుకు బిగించిన బ్యాటరీ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. బెంచీ మీది ముసలమ్మ ఒకామె లేచి తూలింది. రాధమ్మ ఒక చేత్తో ఆమెను పట్టుకుని, ఒక చేత్తో డబ్బాలోది చెరపబోయి కంగారులో సేవ్ మీట నొక్కింది. తెర నల్లబడింది.

ఏం నొక్కిందో ఆమెకే తెలియలేదు. చెరిగిందనే అనుకుంది.

సోమవారం ఆసుపత్రి జీపు కోరుట్ల వచ్చింది. సమ్మెలో రోడ్ల మీద తిరగనిచ్చే పెద్ద బండి అదొక్కటే. డ్రైవరు కొమురయ్య లిస్టు చూసి పేర్లు పిలిచాడు. నలుగురు ఎక్కారు. "నర్సింగం! నర్సింగం ఎవలు? రారాదుండ్రి, రాస్తారోకో మొదలైతది" అని అరిచాడు. ఎవరూ లేవలేదు. గురువారం తెర మీద చూసిన పేరు అదేనని రాధమ్మకు గుర్తొచ్చింది. జీపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం యోహాను సారు ఫోను చేశాడు.

"రాధమ్మా, ఏందిది? సిరిసిల్ల పేషెంటు కోరుట్ల లిస్టుల ఎట్ల వచ్చిండు? ఆ ముసలాయన ఆడ పొద్దుగాల ఆరింటికెంచి కూసున్నడట. ఇగ రిమార్కులల్ల చూడు, ఇయ్యాల గురువారం, బువ్వ తినబుద్ధి అయితలేదు అని ఉన్నది. డాక్టరు సారు అది చూసి, ఆకలి మందగించిందని షుగరు పరీక్ష రాసిండు! సర్వర్ పాగల్ అయినట్టున్నది. శ్రీధర్‌ను పంపుతున్న. బాగుకాకపోతె ఆ పెట్టె వాపస్ ఇచ్చేద్దాం. సమ్మె అయినంక మల్ల పాత తీరే. గురువారం గురువారం రిజిస్టర్లు పట్టుకొని రాండ్రి."

రాధమ్మ "సరే సార్" అంది. ఫోను పెట్టేసింది. పాత తీరే, గురువారం గురువారం. ఆ మాటలు ఆమె చెవుల్లో తీపిగా తిరిగాయి. తిరుగుతున్నందుకు ఆమెకే సిగ్గేసింది.

కాసేపటికి జరీనాబీ ఫోను.

"నేనే చాయ్ పోసిన ఆయనకు. పగటీలి మూడు దాకా సంచి ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. జీపు ఇప్పుడొస్తది, గిప్పుడొస్తది అనుకుంట." గొంతు తగ్గించింది. "రాధక్కా, సార్ నీకు సుత చెప్పిండా? పెట్టె తీసేస్తరట."

"చెప్పిండు."

"నువ్వేం చెప్పకు."

రాధమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"ఇనవడుతుందా? ముసలాయనకు రేపో ఎల్లుండో జీపు మల్ల వస్తది, ఆపరేషన్ అయితది. మన గురువారాలు పోతె మల్ల రావు. మనం ఏం కావాలని చేసినమా? మిషిన్ మీదికి పోయింది, పోనీ."

"శ్రీధర్ మీదికి పోతది గదనే."

"వానికి నూరు కొలువులు దొరుకుతయ్. నాకు నువ్వు దొరకవు" అని జరీనాబీ ఫోను పెట్టేసింది.

శ్రీధర్ మరునాడు పొద్దున్నే వచ్చాడు. గడ్డం పెరిగింది. బల్ల కిందికి దూరి తీగలన్నీ ఊడదీసి, ఒక్కొక్కటే మళ్లీ బిగించాడు. ఏదో అంచు కోసుకుని బొటనవేలికి రక్తం వచ్చింది. రాధమ్మ పసుపు తెచ్చి అద్దింది.

"అమ్మా, పెట్టెల లెక్క మొత్తం తీసిన" అన్నాడు నేల మీద కూర్చునే. "సిరిసిల్ల ఒకటి అన్న పేరు పదిహేను దినాల సంది ఒక్కపారి సుత లోపలికి రాలే. అన్ని కోరుట్ల ఒకటి మీదనే ఉన్నయ్. మీ పాస్‌వర్డ్ ఎవలకన్న చెప్పిన్రా?"

"లేదు కొడుకా."

అంత తొందరగా ఎట్లా వచ్చిందో ఆ అబద్ధం.

"అనుకున్న. మీ అసొంటోళ్లు చెప్పరు" అన్నాడు అతను. "అంటే రెండు లైన్లను పెట్టె ఒక్కటనుకుంటున్నది. నేనే ఏదో తప్పు పెట్టిన. ఏం తప్పో తెలుస్తలేదు. నిన్న పగటీలి సంది రాత్రంత కూసున్న. సార్ పెట్టె తీసెయ్యమన్నడు. తీసేస్త ఇగ. తెల్వని పని నెత్తికెత్తుకోవద్దుండె."

అతను సామాను సంచిలో వేసుకుని బయటికి నడిచాడు. బండి మీద సంచి కడుతున్నాడు. రాధమ్మ కిటికీలోంచి చూసింది. ఆ వంగిన వీపు, తాడు ముడి మళ్లీ మళ్లీ జారిపోతుంటే మళ్లీ మళ్లీ వేస్తున్న ఆ చేతులు. తన తప్పేమిటో వెతుక్కుంటూ ఇంటికి పోయే మనిషి. చేయని తప్పు దొరుకుతుందా? రేపు, ఎల్లుండి, వచ్చే నెల కూడా వెతుక్కుంటూనే ఉంటాడు. జగిత్యాలలో జరీనాబీ పక్కన కూర్చున్న ప్రతి గురువారమూ తాను ఈ వీపును చూస్తూనే ఉంటుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చింది.

"కొడుకా, ఆగు. నేనే చెప్పిన. జరీనాబీకి నా పేరు నేనే ఇచ్చిన. ఆ బువ్వ తినబుద్ధి అయితలేదన్నది నర్సింగం గాదు, జరీనా. నా కోసం రాసింది. సేవ్ కొట్టింది నేను."

శ్రీధర్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమైన తర్వాత తాడు వదిలేసి అరుగు మీద కూలబడ్డాడు.

"మీ కోసం రాసిందా? రిమార్కులల్ల?"

"ఊ."

"ఇద్దరు అదే డబ్బల ముచ్చట పెడుతున్నరా?"

"ఊ."

"అమ్మా, నిన్నటి సంది నాకు అన్నం సయిస్తలేదు" అన్నాడు. కోపంగానే అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, మొహం చేతుల్లో పెట్టుకుని నవ్వాడు. నవ్వు ఆగిన తర్వాత లేచి లోపలికి పోయి, యోహాను సారుకు ఫోను కలిపి రాధమ్మ చేతికిచ్చాడు. "మీరే చెప్పుండ్రి."

చెప్పింది. సారు చాలాసేపు తిట్టాడు. ఇంత వయసు వచ్చి చిన్నపిల్లల చేష్టలేమిటన్నాడు. ఒక ముసలాయన పొద్దంతా కూర్చున్నాడన్నాడు. అన్నీ నిజమే కాబట్టి ఆమె అన్నిటికీ "అవును సార్" అంది.

శ్రీధర్ అక్కడి నుంచే సిరిసిల్ల ఒకటి తాళం తీశాడు. రాధమ్మ పాస్‌వర్డ్ మార్చాడు. ఇక ఒకరి పేరు మీద ఒకరు రాకుండా, కోరుట్ల ఒకటి కోరుట్ల నుంచి తప్ప తెరుచుకోకుండా కట్టుదిట్టం చేశాడు. "గిప్పుడు పక్కా" అన్నాడు. నర్సింగం మరునాడే జీపు ఎక్కాడనీ, ఎడమ కన్ను బాగా కనిపిస్తున్నదనీ కొమురయ్య చెప్పాడు. షుగరు కూడా లేదట.

పెట్టె బాగా పనిచేసింది. రాధమ్మ పొద్దున పేరు కొడితే నిన్న తాను వదిలిన చోటే ఉండేది. ఒక్క అక్షరం ఎక్కువ గానీ తక్కువ గానీ ఉండేది కాదు. రిమార్కుల డబ్బా తెల్లగా ఉండేది. పేజీ పేజీకీ ముందు దాని వంకే చూపు పోయేది. రెండుసార్లు సిరిసిల్లకు ఫోను చేసింది. మొదటిసారి ఆయా ఎత్తి, మేడం పనిలో ఉందన్నది. రెండోసారి ఎవరూ ఎత్తలేదు. అట్లా అయిపోతారా మనుషులు, ఒక్క మాటకు? అయిపోతారు. ఆమె చూసింది. సొంత అక్క, పెళ్లిలో వడ్డించే దగ్గర మాట పడి, బండెక్కి పోయి, చచ్చేదాకా మొహం చూపించలేదు. అన్నం ముందర కూర్చుంటే అదే తిరిగేది మనసులో.

బస్సులు నడవడం మొదలైన వారం ఆమె యోహాను సారుకు ఫోను చేసి గురువారం సెలవు అడిగింది.

"కారణం ఏం రాయాలె?"

"మనిషిని సూసి రావాలె సార్."

"ఎవలకన్న పానం బాగలేదా?"

"బాగనే ఉన్నరు."

"సొంత పని అని రాసుకుంట" అన్నాడు సారు.

భూమన్న అంతకన్నా గట్టిగా పట్టుకున్నాడు. "సిరిసిల్లకా? ఎవలన్న సచ్చిండ్రా?"

"ఎవలు సావలే."

"లగ్గమా?"

"లగ్గం లేదు."

"మరి ఏమైతది ఆమె నీకు? సుట్టమా, పక్కమా? ఊకెనే ఎట్ల పోతవే మంది ఇంటికి?"

"ఊకెనే పోతున్న" అంది రాధమ్మ. అట్లా అనడానికి ఆమెకు ఇంత వయసు పట్టింది.

భూమన్న సోడా సీసా తుడుస్తూ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఆఖరి బస్సు ఐదింటికి ఉంటది. తప్పిపోకు" అన్నాడు.

రుద్రంగి మీదుగా, వేములవాడ మీదుగా బస్సు పోతుంటే ఆమెకు ఒకటే ఆలోచన. జరీనా మొహం తిప్పుకుంటే? ఎందుకొచ్చినవని అడిగితే? సెంటరుకు పోయేసరికి పది దాటింది. ఎదురుగా మగ్గాల సందులోంచి సాంచాల చప్పుడు ఆగకుండా వస్తున్నది. లోపల బెంచీల మీద ఇరవై మంది దాకా ఉన్నారు. జరీనాబీ బల్ల వెనక, తెర వంక చూస్తూ పేరు పేరు పిలుస్తున్నది. తలెత్తింది, రాధమ్మను చూసింది. మళ్లీ తల దించుకుంది.

రాధమ్మ వెనక్కి పోలేదు, ముందుకూ పోలేదు. బెంచీ చివరన, ఒక ముసలాయన పక్కన కూర్చుంది. ఒక్కొక్కరూ లేస్తుంటే అందరితోపాటు జరుగుతూ వచ్చింది. తన ముందున్న ముసలాయన కూడా చీటీ తీసుకుని వెళ్లాడు. ఇక బల్లకు అటు జరీనాబీ, ఇటు రాధమ్మ.

జరీనాబీ తెర మీది నుంచి చూపు తీయలేదు. మీటల మీద చేతులు పెట్టింది.

"పేరు?"

"రాధమ్మ."

"ఊరు?"

"కోరుట్ల."

"కోరుట్లల సెంటర్ ఉన్నది గద. గింత దూరం ఎందుకొచ్చినవ్?"

"ఆడ నువ్వు లేవు."

జరీనాబీ ముక్కు ఎగబీల్చింది. మీటలు కొట్టడం మానలేదు గానీ ఏం కొడుతున్నదో ఆమెకే తెలియాలి. "తకలీఫ్ ఏంది?"

"ఏం లేదు. ఊకెనే అచ్చిన."

"ఊకెనే వచ్చినోళ్లకు గీడ చీటీ ఇయ్యరు."

"ఇయ్యకు. గీడనే కూసుంట."

"మస్తు చెప్పొచ్చినవ్. చెప్పకు చెప్పకు అంటె పోయి చెప్పినవ్. పూజ చేసుకో ఇగ, నీ నిజాయితీకి." అప్పుడు చూసింది జరీనాబీ, నిండుగా, ఎర్రబడ్డ కళ్లతో. "బక్కగైనవేందే గింత?"

"నువ్వు ఫోన్ ఎత్తలే."

"ఎత్తితె ఏడుస్తుంటి. మంది ముందట."

తర్వాత వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్లు అసహనంగా కదిలారు. "మేడం, మా నంబరు?" అని ఎవరో అడిగారు. జరీనాబీ కొంగుతో కళ్లు తుడుచుకుని, కాలితో పక్కనున్న కుర్చీని రాధమ్మ వైపు తోసి, రిజిస్టరు ఆమె చేతిలో పడేసింది.

"సదువు. నేను కొడత. ఇంక ఇరవై మంది ఉన్నరు. బస్ ఎన్నింటికి?"

"ఐదింటికి."

ఇద్దరూ ఒక్కసారే గోడ గడియారం వంక చూశారు. పన్నెండు కావస్తున్నది. ఐదింటికి ఇంకా ఐదు గంటలున్నాయి. రాధమ్మకు అప్పుడే ఐదంటే భయం మొదలైంది. రిజిస్టరు తెరిచి, మొదటి పేరు మీద వేలు పెట్టి, వీలైనంత మెల్లగా చదవడం మొదలుపెట్టింది.